బడికి వెళ్లే వయసు పిల్లలకు థీమ్ పార్కులో స్ట్రోలర్ కావాలా? ఎలా నిర్ణయించుకోవాలి?

పిల్లలను కూర్చోబెట్టి తోసే చక్రాల బండి, అదే స్ట్రోలర్, ఇంట్లో ఎప్పుడో అటకెక్కి ఉంటుంది. బిడ్డ రోజూ బడికి నడుస్తుంది, సాయంత్రం అరుస్తూ పరుగులు పెడుతుంది. అలాంటి పిల్లతో థీమ్ పార్కు యాత్రకు టికెట్లు కొన్నాక తల్లిదండ్రులకు ఒక సందేహం వస్తుంది. ఐదేళ్లో ఆరేళ్లో నిండిన పిల్లకు మళ్లీ స్ట్రోలరా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? బంధువుల్లో ఒకరు తప్పకుండా అంటారు: "ఇంత పెద్ద పిల్లను ఇంకా కూర్చోబెట్టి తోస్తారా?"

ఈ ప్రశ్నను వయసుతో కొలవడం వల్లే చిక్కంతా వస్తోంది. నడక వచ్చా రాదా అన్నది ఇక్కడ విషయమే కాదు. రాత్రి తొమ్మిది గంటలకు, వరుసగా మూడో రోజున, పార్కు గేటు నుంచి బస్సు దాకా బిడ్డ ఎలా నడుస్తుందన్నదే అసలు ప్రశ్న. ఉదయపు ఉత్సాహాన్ని చూసి నిర్ణయం తీసుకుంటే సాయంత్రం భుజాల మీద మోయాల్సి వస్తుంది. రోజులో చివరి మూడు గంటలను కళ్ల ముందు పెట్టుకుని ఆలోచించండి. కింది మెట్లన్నీ ఆ లెక్క తేల్చుకోవడానికే.

మొదటి మెట్టు: రోజు పొడవును కాగితం మీద పెట్టండి

పెద్ద పార్కులో పొద్దున గేటు తెరిచినప్పటి నుంచి రాత్రి బాణసంచా దాకా ఉంటే పది కిలోమీటర్లు, అంతకు మించి నడవడం మామూలే. మ్యాప్‌లో రెండు రైడ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. కానీ మరుగుదొడ్డికి వెనక్కి వెళ్లడం, భోజనానికి అవతలి మూలకు నడవడం, మరచిపోయిన టోపీ కోసం మళ్లీ తిరిగి రావడం మ్యాప్‌లో కనబడవు. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌నే తీసుకోండి. అక్కడి ఎప్‌కాట్ పార్కులో సరస్సు చుట్టూ పదకొండు దేశాల మండపాలున్న దారి ఒక్కటే దాదాపు రెండు కిలోమీటర్లు. అది పార్కులో సగభాగం మాత్రమే. దాని దాకా రావడానికి నడిచిన దూరం వేరు, మళ్లీ బయటికి వెళ్లే దూరం వేరు.

ఇప్పుడు ఆ దూరాన్ని చిన్న కాళ్లతో కొలవండి. పెద్దల అడుగు సుమారు 70 సెంటీమీటర్లు అనుకుంటే పది కిలోమీటర్లకు 14 వేల అడుగులు పడతాయి. ఐదారేళ్ల బిడ్డ అడుగు 50 సెంటీమీటర్లు అనుకుంటే అదే దూరానికి 20 వేలు. పైగా ఆ బిడ్డ మన నడక వేగాన్ని అందుకోవాలి కాబట్టి సగం దూరం నడక కాదు, చిన్నపాటి పరుగు. మనం "ఇంకాస్త దూరమే కదా" అన్న ప్రతిసారీ బిడ్డ మనకంటే ఎక్కువ పని చేస్తోంది.

కాగితం మీద ఈ నాలుగు సంగతులు రాయండి: వరుసగా ఎన్ని రోజులు పార్కులో గడుపుతారు, రోజుకు ఎన్ని గంటలు, గది నుంచి గేటు దాకా ఎలా చేరతారు, మధ్యాహ్నం గదికి వచ్చి పడుకునే వీలుందా. ఒక్కరోజు యాత్ర, చిన్న పార్కు, సాయంత్రం ఐదింటికే తిరుగుప్రయాణం అయితే ఆరేళ్లు నిండి, ఏ ఇబ్బందీ లేని బిడ్డకు చాలాసార్లు స్ట్రోలర్ అక్కరలేదు. వరుసగా మూడు, నాలుగు రోజులు పొద్దుటి నుంచి రాత్రి దాకా అయితే ప్రశ్న పూర్తిగా మారిపోతుంది. మొదటి రోజు అలసట రాత్రి నిద్రతో పూర్తిగా పోదు, రెండో రోజు లెక్కలో కలుస్తుంది.

రెండో మెట్టు: నడక అలసట వేరు, నిలబడే అలసట వేరు

చాలామంది పట్టించుకోని సంగతి ఇది. దాదాపు అన్ని రైడ్ల దగ్గరా స్ట్రోలర్‌ను బయట నిలిపి క్యూలోకి నడిచే వెళ్లాలి. అంటే నలభై నిమిషాల క్యూలో స్ట్రోలర్ ఏ సాయమూ చేయదు. ఒక రైడ్ నుంచి మరో రైడ్‌కు నడిచే దూరంలో, ఊరేగింపు కోసం ఎదురుచూసేటప్పుడు, భోజనం తర్వాత, రాత్రి తిరిగి వచ్చేటప్పుడు మాత్రమే అది పనికొస్తుంది.

కాబట్టి మీ బిడ్డకు ఏది కష్టమో ముందు తెలుసుకోండి. కొందరు పిల్లలు ఎంత దూరమైనా నడుస్తారు కానీ ఒకచోట నిలబడమంటే పది నిమిషాల్లో నేల మీద కూలబడతారు. వాళ్లకు స్ట్రోలర్ కంటే క్యూ తక్కువగా ఉండే వేళలు చూసుకోవడం ఎక్కువ మేలు చేస్తుంది. మరికొందరు క్యూలో కబుర్లు చెబుతూ హాయిగా ఉంటారు, నడిపిస్తే మాత్రం కాళ్లు పీకుతున్నాయంటారు. స్ట్రోలర్ నిజంగా ఆదుకునేది వీళ్లనే.

మూడో మెట్టు: ఇంటి దగ్గర పరీక్ష పెట్టి చూడండి

ఊహించి నిర్ణయించే కంటే చూసి నిర్ణయించడం మంచిది. యాత్రకు నెల ముందు వరుసగా రెండు రోజులు సెలవు దొరికే వారాంతం ఎంచుకోండి. పెద్ద ఉద్యానవనమో, జంతుప్రదర్శనశాలో, సంతో, నడక ఎక్కువగా ఉండే చోటు ఏదైనా సరే. యాత్రలో వేసుకోబోయే బూట్లే వేయండి. రోజుకు ఐదారు గంటలు తిరగండి. రెండో రోజు మళ్లీ వెళ్లండి. అసలు ఫలితం ఈ రెండో రోజే తెలుస్తుంది.

"కాళ్లు నొప్పి" అని బిడ్డ చెప్పేదాకా ఆగకండి. చాలామంది పిల్లలు ఆ మాట చెప్పరు, అలసట మరో రూపంలో బయటపడుతుంది. చెయ్యి పట్టుకుని నడుస్తున్న బిడ్డ ఉన్నట్టుండి తన బరువంతా మీ చేతి మీద వేలాడదీస్తుంది. చదునైన నేల మీదే కాలు తట్టుకుంటుంది. అప్పుడే తాగి కూడా మళ్లీ దాహమంటుంది. అంతవరకూ నవ్వుతూ ఆడుకున్న అన్నాచెల్లెళ్లు చిన్న మాటకే కొట్టుకుంటారు. ఇష్టమైన వస్తువు చూపించినా "వద్దు" అంటుంది. ఇవి ఏ గంటకు మొదలయ్యాయో రాసుకోండి. మూడో గంటకే మొదలైతే పార్కులో ఆ రోజుకు ఇంకా ఎనిమిది గంటలు మిగిలే ఉంటాయి. ఆరో గంట దాకా రాకపోతే, మధ్యాహ్నం విశ్రాంతితో స్ట్రోలర్ లేకుండా గడిచిపోవచ్చు.

ఎండ సంగతి కూడా కలపండి. చల్లని రోజున చేసిన పరీక్ష మండుటెండల యాత్రకు సరిపోదు. వేడిలో పిల్లల ఓపిక త్వరగా కరిగిపోతుంది.

నాలుగో మెట్టు: నిద్ర వేళను బాణసంచా వేళతో పోల్చండి

నిద్రా వైద్య నిపుణులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరమంటారు. మీ బిడ్డ ఎనిమిదిన్నరకు పడుకునే అలవాటున్నదైతే, తొమ్మిది దాటాక మొదలయ్యే ప్రదర్శన పూర్తిగా నిద్ర వేళలోనే వస్తుంది. ప్రదర్శన ముగిశాక వేలమంది ఒకేసారి గేటు వైపు కదులుతారు. ఆ గుంపులో నిద్రమత్తులో ఉన్న 20 కిలోల బిడ్డను భుజాన వేసుకుని, రెండో చేత్తో సంచి పట్టుకుని నడవడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. పగలంతా స్ట్రోలర్ ఎక్కని పిల్లలు కూడా ఆ వేళకు అందులో ఒరిగి నిద్రపోతారు. ఆ ఒక్క గంట కోసమే స్ట్రోలర్ తెచ్చుకోవడం వృథా అని నేను అనుకోను.

రాత్రి ప్రదర్శనలు మీకు ముఖ్యం కాకపోతే, ఏడింటికే గదికి చేరతామంటే ఈ మెట్టు మీకు వర్తించదు.

ఐదో మెట్టు: ఇంట్లో ఎత్తుకోగలిగేది ఎవరు?

స్ట్రోలర్ నిర్ణయం బిడ్డ ఒక్కదానికి సంబంధించింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల ప్రకారం ఐదేళ్ల పిల్లల మధ్యస్థ బరువు 18 కిలోలు, ఆరేళ్లకు 20, ఏడేళ్లకు 22 కిలోలు దాటుతుంది. పెద్దలు ఒక్కరే పిల్లలతో వెళ్తున్నారా? అమ్మ గర్భవతా? నాన్నకు నడుము నొప్పి ఉందా? తాతయ్య, అమ్మమ్మ కూడా వస్తున్నారా? చంకలో మరో పసిబిడ్డ ఉందా? వీటిలో ఒక్కదానికి "అవును" అన్నా తూకం స్ట్రోలర్ వైపే మొగ్గుతుంది. ఎత్తుకోవడానికి ఇద్దరు ఆరోగ్యంగా ఉన్న పెద్దలుండి, బిడ్డ ఒక్కతే అయితే అటువైపు అంత మొగ్గు ఉండదు.

చిన్నబిడ్డ కోసం ఎలాగూ స్ట్రోలర్ తీసుకెళ్తుంటే పెద్దబిడ్డ గురించి కూడా ఇప్పుడే తేల్చండి. "ఇద్దరూ వంతులవారీగా కూర్చుంటారులే" అనుకుంటే, సాయంత్రానికి ఇద్దరికీ ఒకేసారి అలసట వచ్చి ఆ సీటు కోసమే పేచీ మొదలవుతుంది. ఇద్దరు కూర్చునే స్ట్రోలరైనా తీసుకోండి, లేదా పెద్దబిడ్డ నిలబడే చక్రాల పలకైనా అమర్చండి. ఆ పలకకూ బరువు పరిమితి ఉంటుందని మరవకండి.

ఆరోగ్య కారణాలుంటే

ఆటిజం, ఉబ్బసం, గుండె జబ్బు, కండరాల బలహీనత, కీళ్ల వదులుతనం, ఇటీవలి శస్త్రచికిత్స: ఇలాంటివి ఉన్న పిల్లల విషయంలో పై మెట్లన్నీ పక్కన పెట్టి నేరుగా వైద్యుడిని అడగండి. బయటికి కనిపించని ఇబ్బంది ఉన్న బిడ్డను చూసి జనం "ఇంత పెద్ద పిల్ల కూర్చుందేమిటి" అనుకోవచ్చు. వాళ్లకు మీరు జవాబు చెప్పాల్సిన పనిలేదు. హోరు, వెలుతురు, గుంపు భరించలేని పిల్లలకు పైకప్పు దించిన స్ట్రోలర్ ఒక చిన్న ఆశ్రయం కూడా.

పార్కుల్లో ఇందుకు ఏర్పాట్లుంటాయి. ఉదాహరణకు డిస్నీ వరల్డ్‌లో అతిథుల సహాయ కేంద్రానికి వెళ్లి బిడ్డ అవసరం చెబితే, స్ట్రోలర్‌ను చక్రాల కుర్చీగా గుర్తించే ట్యాగు ఇస్తారు. ఆ ట్యాగు ఉంటే చక్రాల కుర్చీలను అనుమతించే క్యూల్లోకి స్ట్రోలర్‌నూ తీసుకెళ్లవచ్చు. బయలుదేరే ముందే మీరు వెళ్లే పార్కు వెబ్‌సైట్‌లో వైకల్య సేవల పేజీ చదివి, ఏం అడగాలో రాసుకుని వెళ్లండి.

ఆరో మెట్టు: తీసుకోవాలని తేలితే, ఏది?

ఇంట్లో ఉన్న పాత స్ట్రోలర్‌ను అలాగే బయటికి తీయకండి. ముందు దాని బరువు పరిమితి చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1888 ప్రకారం ఒక వర్గం స్ట్రోలర్లు 15 కిలోల వరకు, మరో వర్గం 22 కిలోల వరకు పరీక్షిస్తారు. తేలికపాటి స్ట్రోలర్లలో కొన్ని 15 కిలోల రకానివే. ఐదేళ్ల సగటు బిడ్డ ఆ పరిమితిని దాటే ఉంటుంది. పరిమితి మించితే బ్రేకు సరిగా పట్టకపోవచ్చు, మడత కీలు విరగవచ్చు. బరువు సరిపోయినా ఎత్తు చూడండి. బిడ్డను కూర్చోబెట్టి తల పైకప్పుకు తగులుతోందా, పాదాలు నేలకు రాసుకుంటున్నాయా, మోకాళ్లు గడ్డానికి వస్తున్నాయా అని పరిశీలించండి. ఏడేళ్ల పిల్లల ఎత్తు 120 సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి ఈ వయసుకు లోతైన సీటు, ఎత్తైన పైకప్పు ఉన్నవే పనికొస్తాయి.

తర్వాత పార్కు నిబంధనలు. డిస్నీ వరల్డ్‌లో 2019 మే 1 నుంచి 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు మించిన స్ట్రోలర్లను లోపలికి రానివ్వరు. పిల్లలను కూర్చోబెట్టి లాగే బండ్లకు (వ్యాగన్లకు), స్ట్రోలర్‌లా తోసే వ్యాగన్లకు కూడా అనుమతి లేదు. ఇతర పార్కుల నిబంధనలు వేరుగా ఉంటాయి కాబట్టి కొలతలు తీసుకునే వెళ్లండి.

ఇక అద్దెకా, సొంతమా? పార్కు లోపల దొరికే అద్దె స్ట్రోలర్లు దృఢంగా ఉంటాయి, పెద్ద పిల్లలకు సరిపోయే సైజులో ఉంటాయి, విమానంలో మోసుకురానక్కరలేదు. కానీ సాధారణంగా వాటిని గేటు దాటించనివ్వరు. బిడ్డకు అసలు అవసరమయ్యేది గేటు బయటే, రాత్రి బస్సు దాకానో కారు దాకానో వెళ్లే ఆ చివరి నడకలో. ఈ ఒక్క కారణంతో పార్కు అద్దెను నేను రెండో స్థానంలో పెడతాను. పైగా వాటి సీటు చాలాచోట్ల గట్టిగా ఉంటుంది, వెనక్కి వాలదు. నిద్రపోయిన బిడ్డ తల పక్కకు వేలాడుతుంది.

పార్కు బయటి దుకాణాల్లో అద్దెకు తీసుకుంటే గది దాకా స్ట్రోలర్ మీతోనే ఉంటుంది, సీటు వాలుతుంది, పైకప్పు పెద్దది. దూరప్రయాణం చేసి వెళ్లే ఐదారేళ్ల పిల్లల కుటుంబాలకు నేను సూచించేది ఇదే. తీసుకునేటప్పుడే బ్రేకు, బెల్టు, చక్రాలు పరీక్షించి, విరిగితే ఎవరు భరించాలో రాతపూర్వకంగా అడగండి. సొంతది తీసుకెళ్లాలంటే విమాన సంస్థను ముందే అడగండి. చిన్నపిల్లల స్ట్రోలర్‌ను ఉచితంగా తీసుకెళ్లే నియమం పెద్ద పిల్లలకు కూడా వర్తిస్తుందో లేదో సంస్థను బట్టి మారుతుంది.

ఏడో మెట్టు: బిడ్డతో మాట్లాడండి

ఇది వదిలేస్తే పైన చేసిందంతా వృథా. ఆరేళ్ల పిల్లకు తాను పెద్దదాన్నయ్యానన్న గర్వం ఉంటుంది. గేటు దగ్గర హఠాత్తుగా స్ట్రోలర్ చూపిస్తే "నేను పాపాయినా?" అని మొరాయిస్తుంది. అందుకే ముందే ఇంట్లో మామూలు గొంతుతో చెప్పండి: "అక్కడ మనందరం చాలా నడవాలి. ఎవరికి కాళ్లు నొప్పి పుడితే వాళ్లు కూర్చోవడానికి ఒక సీటు తీసుకెళ్తున్నాం. ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో నువ్వే చెప్పు." నిర్ణయం తన చేతిలో ఉందని తెలిస్తే బిడ్డ దాన్ని అవమానంగా భావించదు. "అలసిపోతే చిన్నపిల్లలా స్ట్రోలర్‌లో కూర్చోబెడతా" అని బెదిరించడం మాత్రం అసలు చేయకండి. ఆ మాట విన్న పిల్ల ఎంత అలసినా ఎక్కదు.

స్ట్రోలర్ ఉంది కదా అని రోజంతా కూర్చోబెట్టాల్సిన అవసరం కూడా లేదు. ఉదయం నడవనివ్వండి, ఖాళీ చోట పరుగెత్తనివ్వండి.

పార్కులో వాడేటప్పుడు

బరువైన సంచులు చేతిపిడికి తగిలించకండి. బిడ్డ కూర్చున్నంతసేపూ ఏమీ కాదు. దిగిన మరుక్షణం ముందు బరువు పోయి స్ట్రోలర్ వెనక్కి తిరగబడుతుంది, సంచిలోని నీళ్ల సీసా, ఫోను నేల మీద పడతాయి. బరువంతా సీటు కింది బుట్టలోనే పెట్టండి.

నీడ కోసం స్ట్రోలర్ మీద దుప్పటి కప్పకండి. లోపల గాలి ఆడక వేడి పెరిగిపోతుంది. పైకప్పు, టోపీ, చిన్న బ్యాటరీ ఫ్యాను చాలు.

రైడ్ బయట నిలిపినప్పుడు విలువైనవి ఏవీ అందులో ఉంచకండి. సిబ్బంది స్ట్రోలర్లను వరుసగా సర్దుతూ పక్కకు జరుపుతుంటారు, మీరు పెట్టిన చోటే ఉంటుందని అనుకోవద్దు. ఒకేలాంటి అద్దె స్ట్రోలర్లు పదుల కొద్దీ ఉంటాయి కాబట్టి చేతిపిడికి రంగు రిబ్బనో, పేరు రాసిన కాగితమో కట్టండి. వాన కురిసే కాలమైతే ప్లాస్టిక్ కవరు తీసుకెళ్లండి, తడిసిన సీటులో బిడ్డ కూర్చోదు.

బిడ్డ నిద్రపోయిన వేళకే ఇష్టమైన రైడ్ వంతు వస్తే, డిస్నీ వంటి చోట్ల పెద్దలు ఒకరి తర్వాత ఒకరు వెళ్లే ఏర్పాటు ఉంటుంది. ఒకరు బిడ్డతో బయట ఉంటారు, రెండోవారు మళ్లీ మొత్తం క్యూలో నిలబడకుండానే వెళ్తారు. ప్రవేశం దగ్గరున్న సిబ్బందిని అడగండి.

వద్దని తేలితే

అప్పుడు రోజు ప్రణాళికే స్ట్రోలర్ పని చేయాలి. దూరంగా ఉన్న రైడ్లన్నీ ఉదయమే ముగించండి, సాయంత్రానికి గేటు దగ్గరివి మిగుల్చుకోండి. ఒక మూల నుంచి మరో మూలకు రెండుసార్లు తిరగాల్సిన దారి వేయకండి. ప్రతి రెండు గంటలకు ఒకసారి కూర్చుని చూసే ప్రదర్శనో, లోపల తిరిగే రైలో పెట్టుకోండి. ఇంట్లో కనీసం రెండు వారాలు తొడిగి అలవాటైన బూట్లే వేయండి, అదనపు జత సాక్సులు సంచిలో ఉంచండి. తడిసిన సాక్సుతో గంట నడిస్తే మడమ బొబ్బలెక్కుతుంది, మర్నాడు అసలు నడకే ఉండదు. మధ్యాహ్నం రెండు, మూడు గంటలు గదిలో పడుకోగలిగితే సాయంత్రం సగం పేచీలు తప్పుతాయి.

ఇంత ఆలోచించి వద్దనుకున్నాక కూడా మొదటి రోజు సాయంత్రం బిడ్డ కాళ్లీడుస్తుంటే, మర్నాడు పొద్దున గేటు దగ్గరే స్ట్రోలర్ అద్దెకు తీసుకోండి. చాలా పెద్ద పార్కుల్లో అద్దె కేంద్రం గేటుకు దగ్గర్లోనే ఉంటుంది. కాకపోతే సెలవు రోజుల్లో త్వరగా అయిపోతాయి, అందుకే పార్కు తెరిచే వేళకే అక్కడికి చేరండి.